గిటారు వంతులో సంఘం పాట

మా సంఘంలో పాట పాడే తీరు ఒకటుంది. ముందు ఒకరు ఒక లైను పాడి వినిపిస్తారు, తర్వాత అందరూ అదే లైను అందుకుంటారు. ముందు చాపల మీద కూర్చునే పెద్దవాళ్లలో చాలామందికి చదువు రాదు. వాళ్ల పాటల పుస్తకం వాళ్ల చెవుల్లోనే ఉంటుంది. కడపలో మాకు చర్చి కట్టడం లేక కొట్టం కింద ఆరాధన జరిగిన రోజుల నుంచీ అంతే. అది ఒక పద్ధతి అని కూడా ఎవరూ అనుకోరు.

క్యాసెట్టు ఆలోచన మా తమ్ముడిది. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. బెంగుళూరులో చదువుకుంటూ అక్కడి చర్చిలో ఎలక్ట్రిక్ గిటారు విని వచ్చాడు. తెలుగులో రాక్ పాటలు చేద్దాం, దేవునికి చేద్దాం అన్నాడు. పాటలు రాయడం నా వంతయింది. నేను సండే స్కూలు టీచర్ని, ప్రార్థనలో అనుకునే మాటల్నే పాటకు సరిపడేలా సర్దడం నాకు వచ్చు. మొదటి పాట పెన్నా ఇసుకలో దొరికింది. ఎండాకాలంలో ఏటి ఇసుకను చేత్తో తోడితే చెలమలో నీళ్లు ఊరతాయి కదా. ‘ఇసుకలో చెలమ తీసేవాడా, నా ఎండిన గుండెలోనూ తీయుమయ్యా’ అని రాసుకున్నాను. తమ్ముడు దానికి ఉరుము లాంటి గిటారు పెట్టాడు. వాన కోసం ఎదురుచూసే ఊరివాళ్లం, ఉరుము నాకు బాగానే అనిపించింది.

డ్రమ్స్‌కు వాడి స్నేహితుడు వచ్చాడు. పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు వాయించే మనిషి. రికార్డింగు కర్నూలులో. గిటారును ఒళ్లో పెట్టుకుని బస్సులో పోతుంటే, మైదుకూరులో ఎక్కిన ఒక పెద్దాయన అది వీణా అని అడిగాడు. తమ్ముడు కర్నూలు దాకా మూతి ముడుచుకున్నాడు. స్టూడియోలో డ్రమ్స్ అతను స్టూలు పక్కకు తోసి నిలబడి వాయించాడు. నడుస్తూ వాయించిన చేతులు కూర్చుంటే సాగవట.

నాది ఇంకో తంటా. పాట ముగియగానే ‘ఆమేన్’ అనేదాన్ని. పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు, గిటారు చివరి మోత ఇంకా గాలిలో ఉండగానే నోట్లోంచి వచ్చేసేది. అంతా మళ్లీ మొదటి నుంచి. రికార్డింగు చూసే భాయ్ చాలా ఓపికమంతుడు. చివరికి అద్దం అవతలి నుంచి మైకులో అన్నాడు: “అమ్మా, దేవుడు విన్నాడులే. మిషన్ గూడా వినేదాక ఆగు.”

క్యాసెట్టు తయారైంది. అయితే మా వాళ్లలో ఇల్లు కట్టినా, ఆటో కొన్నా, కుట్టు మిషను తెచ్చినా పాస్టరు అయ్యగారు దాని మీద చేయి ఉంచి ప్రతిష్ఠ ప్రార్థన చేయాలి. అది లేనిదే క్యాసెట్టు ఏ సంఘం గడపా తొక్కదు. మా పాస్టరయ్య ఇంట్లో రెండుసార్లు విన్నాడు. కోప్పడలేదు.

“పాపా, వాయిద్యాలు దేవుడిచ్చినవే. కానీ మాట యాడుండాదో ఎతుక్కోవాల్సొస్తాంది. ఇది ఆరాధనా, కచేరీనా? నేనొక్కణ్ణి చెప్పలేను. ఆదివారం సంఘం ముందర పెడదాం. వాళ్లు ఆమేన్ అంటే ప్రార్థన చేస్తా.”

పాట బాగాలేదంటే ఓర్చుకునేదాన్ని. ఇది దేవునిది కాదు అని నా సొంత సంఘం అంటే ఎలా ఓర్చుకోవాలో తెలియక, ఆ వారమంతా మోకాళ్ల మీద ఉండి దేవుణ్ణి అదే అడిగాను.

ఆదివారం వాక్య ప్రసంగం అయ్యాక టేపు పెట్టారు. డ్రమ్స్ మోగగానే మగవాళ్ల వైపు ఇద్దరు ముగ్గురు తలలు వంచుకున్నారు. నా గొంతు మొదటి లైను పాడింది. వెంటనే తమ్ముడి గిటారు. వాడు ఎంతో మురిసిపోయిన ముక్క అది. ఎవరూ కదల్లేదు. నేను నేల చూస్తూ కూర్చున్నాను.

రెండో లైను తర్వాత గిటారు మళ్లీ అందుకోగానే ముందు చాప మీది మా జేజి, నాయనను కన్న తల్లి, గొంతెత్తి ఆ లైను తిరిగి పాడింది. నేను లైను చెప్పి ఆగాను, ఇక తమ వంతు అనుకుంది ఆమె. పక్కనున్న ఆడవాళ్లు ఆమెతో కలిశారు. మూడో లైనుకు వెనకనున్న మగవాళ్లూ కలిశారు. తమ్ముడి గిటారు ఆ గొంతుల కింద ఎక్కడో గిలగిల్లాడింది. వాడి ముఖం చూడాల్సింది. తప్పట్లు మొదలయ్యాయి, డ్రమ్స్ వాటిలో కలిసిపోయాయి.

మూడో చరణం దగ్గర చిక్కొచ్చింది. పాట ఊపందుకోవాలని తమ్ముడు అక్కడ లైన్ల మధ్య గిటారు తీసేశాడు, లైన్లన్నీ వెంటవెంటనే వస్తాయి. సంఘం మొదటి లైను పాడుతుంటే టేపు రెండోదానికి పోయింది. అందరూ తడబడ్డారు. జేజి నా వైపు తిరగలేదు, టేపు రికార్డరునే మందలించింది: “ఏమ్మే, అట్ల ఉరుకుతావేంది? మేం అనేదాక ఆగబల్లేదా?”

నవ్వులు లేచాయి. పాస్టరయ్య కూడా నవ్వాడు. టేపు ఆపించి, “జేజికి వంతు ఇయ్యి పాపా” అన్నాడు నాతో. నేను లేచి మూడో చరణం లైను లైనుగా చెప్పాను, సంఘం అందుకుంది. ‘ఆమేన్’ వాళ్ల నోట వచ్చింది, అడక్కుండానే. ఆయన క్యాసెట్టు మీద చేయి ఉంచి ప్రార్థన చేశాడు. ఆ ప్రార్థనలో ఏమన్నాడో నాకు గుర్తులేదు, ఏడుస్తూనే ఉన్నాను. మూడో చరణాన్ని మళ్లీ రికార్డు చేద్దామా అని తమ్ముణ్ణి అడిగితే, రాక్ అంటే అంతే అని ఒప్పుకోలేదు.

కొన్ని నెలలకు ఆలూరు వైపు ఒక చిన్న సంఘం వాళ్లు మమ్మల్ని ఆరాధనకు పిలిచారు. మేము పాడాలనుకుని గిటారుతో సహా పోయాం. వాళ్లు మమ్మల్ని ముందు కుర్చీల్లో కూర్చోబెట్టి, టేపు పెట్టారు. మొదటి రెండు చరణాలు గిటారు మోగేచోట సంఘమంతా అందుకుని పాడింది. మూడో చరణం రాగానే ఒక పెద్దమ్మ లేచి టేపు పక్కన నిలబడింది. నా గొంతు లైను పాడగానే ఆమె వేలితో మీట నొక్కేది, టేపు ఆగేది. సంఘం పాడేది. మళ్లీ నొక్కేది. టేపు ఆగినచోట గిటారు లేదు, డ్రమ్స్ లేవు, ఎర్రమట్టి గోడల మధ్య మా పాట ఒక్కటే ఉంది.

లైను నేనే చెబుదామని మెల్లగా లేవబోతే ఆమె చేత్తోనే వారించింది. “నువ్వు కూకోమ్మా, మాకు వచ్చు” అని, మీట నొక్కింది.

నేను కూర్చుని వాళ్లతో కలిసి అందుకున్నాను. తమ్ముడూ పాడాడు.