నోరు తెరిపించిన జోస్యం

మా పళ్ళ డాక్టరుగారికి ఒకటే పిచ్చి. సినిమా అవార్డులు ఎవరికొస్తాయో ముందుగా చెప్పడం. చెప్పింది ఒక్కటీ నిజం కాకపోవడం ఆ పిచ్చిలో రెండో భాగం. ఏటా అవార్డుల రోజులు దగ్గరపడగానే ఉత్తమ నటుడి దగ్గర్నుంచి ఉత్తమ కేశాలంకరణ దాకా అన్నీ తేల్చి పారేసేవారు. ఏటా బోల్తా పడేవారు. ఊరంతా ఆయన్ని జోస్యం డాక్టరు అనేది. అసిస్టెంటుగా పక్కన నిలబడి, దూదీ పటకార్లూ అందిస్తూ అవన్నీ వినాల్సిన ఖర్మ నాది.

అందులోనూ ఆయనకో దుర్మార్గపు పద్ధతి ఉండేది. పేషెంటు కుర్చీలో వాలగానే, "ఈసారి ఎవరికొస్తుందంటారు?" అని మెత్తగా అడిగేవారు. వాళ్ళు ఎవరి పేరు చెప్పినా, "అతనికా? రాదు లెండి" అని తీసిపారేసేవారు. అవతలి మనిషి వాదించడానికి నోరు తెరవగానే అందులో దూది కుక్కేసేవారు. ఇంక వాదన ఎవరు నెగ్గుతారో చెప్పాలా?

ఒకరోజు బయట హాల్లో బస్సు కండక్టరుకీ లెక్కల టీచరుకీ మాటా మాటా పెరిగింది.

"పెద్ద హీరోకే అని డాక్టరుగారు నాతో అన్నారండీ."

"నాతో కుర్రాడికే అన్నారే. పెద్దాయనకి వయసైపోయిందన్నారు కూడా."

నేను లోపలికెళ్ళి, "అదేంటి సార్, పొద్దునో మాట, మధ్యాహ్నమో మాటా?" అని అడిగాను.

"సినిమా లోకం అంతేనమ్మా. గంటకోలా మారుతుంది" అన్నారు చేతులు కడుక్కుంటూ. ఈయనకి పళ్ళు తప్ప ఇంకేమీ తెలీదని ఆరోజే తేల్చుకున్నాను.

ఇంతలో మా అత్తగారి దవడ పన్ను పుచ్చిపోయింది. బుగ్గ ఉబ్బి, ముద్ద మింగుడుపడక ఆవిడ సగమైపోయారు. "ఇంకా నాన్చితే చీము ఎముకలోకి దిగుతుంది. అప్పుడు పెద్దాసుపత్రిలో ఆపరేషనే" అని డాక్టరుగారు తేల్చి చెప్పారు. నాకు గుండె జారిపోయింది. ఆవిడది మాత్రం జారలేదు. రెండుసార్లు కుర్చీలోంచి లేచి పారిపోయారు, ఒకసారి డాక్టరుగారి వేలు కొరికారు. "పన్ను నాది, నోరు నాది. తెరవను" అని భీష్మించుకున్నారు.

డాక్టరుగారిదీ అదే పట్టు. మూడోసారి నేను బతిమాలి తీసుకొచ్చాక ఆవిడ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, కళ్ళూ నోరూ బిగించి కూర్చున్నారు.

"ఏమ్మా, ఈసారి ఉత్తమ నటి ఎవరంటారు?" అన్నారు డాక్టరుగారు.

"జడ్జి వేషం వేసినావిడ." పెదవులు కదిలాయే గాని పళ్ళు విడలేదు. ఆ నటి అంటే మా అత్తగారికి ప్రాణం. ఆవిడ సినిమా వస్తుంటే మా ఇంట్లో కుక్కరు కూడా కూత వేయడానికి వీల్లేదు.

"ఆవిడకా? రాదు లెండి."

ఒక కన్ను తెరుచుకుంది. "ఏం? ఎందుకు రాదు?"

"ఆవిడకి ఏడవడమే రాదు కదమ్మా. ఏడవమంటే తుమ్మొస్తున్నట్టు మొహం పెడుతుంది."

"ఏమన్నావూ?" అని మా అత్తగారు గర్జించారు. ఆ 'వూ' దగ్గర మత్తు ఇంజెక్షను లోపలికి వెళ్ళిపోయింది.

దవడ మొద్దుబారేదాకా డాక్టరుగారు ఆ నటి సినిమాలన్నింటికీ వరసగా వంకలు పెట్టారు. ఈవిడ సగం నాలుకతోనే ఒక్కోదానికీ సమాధానం చెప్పారు. పన్ను ట్రేలో టంగుమని పడింది.

"వచ్చేసిందమ్మా" అన్నారాయన.

"పన్ను సంగతి తర్వాత. ముందు ఆ తుమ్ము సంగతి తేల్చండి" అన్నారావిడ.

గంటసేపు మాట్లాడకూడదని చెప్పి దూది పెట్టి పంపాం. వెంట నేనూ వెళ్ళాను. 'ఆయన సంగతి తేలుస్తా' అన్నట్టు ఇల్లు చేరేదాకా నాకు వేలు చూపిస్తూనే ఉన్నారు.

అవార్డుల సాయంత్రం డాక్టరుగారి భార్య నన్ను టీవీ చూడ్డానికి వాళ్ళింటికి పిలిచారు. వెళ్ళగానే, "ఈయన పక్కన మాత్రం కూర్చోకు. కవరు విప్పకముందే పేరు చెప్పేస్తారు, చూసిన సరదా ఉండదు" అన్నారు.

"చెప్తే ఏముందండీ, ఎలాగూ తప్పేగా" అని నవ్వాను.

ఆవిడ నన్ను వింతగా చూశారు. "తప్పా? పెళ్ళయినప్పట్నుంచీ ఒక్కటి తప్పగా చూళ్ళేదు నేను."

నిజంగానే, స్టేజి మీద వాళ్ళు కవరు తీసుకునేలోపే డాక్టరుగారు పేర్లు గొణుగుతున్నారు. ప్రతి పేరూ నిజమవుతోంది. ఉత్తమ నటి వంతు రాగానే, "మీ అత్తగారి జడ్జిగారే" అన్నారు నా వైపు తిరిగి. జడ్జిగారే. ఆవిడ అచ్చం తుమ్మబోతున్నట్టు మొహం పెట్టి ఏడ్చింది.

"మరి క్లినిక్కులో అలా చెప్తారేంటి సార్?" అన్నాను, నోరెళ్ళబెట్టి.

"భయపడ్డవాడు నోరు మూసుకుంటాడమ్మా. కోపమొచ్చినవాడు తెరుస్తాడు. మన పని జరగాలంటే తెరవాలి కదా."

"ఊరంతా మిమ్మల్ని చూసి నవ్వుతోంది కదండీ."

"నవ్వనీ. నవ్వినా నోరు తెరవాల్సిందేగా."

ఇన్నాళ్ళూ పక్కనే ఉండి ఇది కనిపెట్టలేకపోయినందుకు సిగ్గేసింది. ఆయన మీద చెప్పలేనంత ఇష్టమూ కలిగింది.

మర్నాడు క్లినిక్కు తెరవకముందే మా అత్తగారు కొత్త చీరలో గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. "ఏం డాక్టరుగారూ, ఏమైంది మీ జోస్యం?"

"చిత్తుగా ఓడిపోయానమ్మా" అని ఆయన తల వంచారు.

ఆవిడ ఎవరూ చెప్పకుండానే వెళ్ళి కుర్చీలో వాలారు. "పై పన్ను కూడా సలుపుతోంది. అది సరే గాని, ఉత్తమ నటుడి విషయంలోనూ అలా ఎలా తప్పారు మీరు?"

డాక్టరుగారు నా వైపు చూశారు.

"ఈయనకి సినిమాల గురించి ఏమీ తెలీదత్తయ్యా. మీరే కాస్త నేర్పండి" అన్నాను.

ఆవిడ నేర్పడానికి నోరు తెరిచారు. నేను దూది అందించాను.