సాగర్‌కు ఏజెంటుతోనా, మేమిద్దరమేనా

పెళ్లయిన కొత్తలో ప్రయాణం పెట్టుకున్నవాళ్లు ఏజెంటును పట్టుకోవాలా వద్దా అని నన్ను అడుగుతుంటారు. నాకు తెలిసింది ఒక్క ప్రయాణమే. అరవైల మొదట్లో, నాగార్జునసాగర్ కట్ట ఇంకా లేస్తున్న రోజుల్లో చేసింది. మాది నకిరేకల్. నేను నూనె మిల్లులో లెక్కలు రాసేవాణ్ని. రెండు గదుల ఇంట్లో అమ్మ, బాపు, ముగ్గురు చెల్లెళ్లు. పెళ్లయి మూడు నెలలైనా నా భార్య అనసూయతో పట్టుమని పది మాటలు మాట్లాడే సందు దొరకలేదు. నేను మాటకారినీ కాను. మిల్లులో నాలుగు రోజుల సెలవు దొరికితే, సాగర్ చూసొస్తామన్నాను. అమ్మ ఒక్క షరతు పెట్టింది: "ఇద్దరే పోతే నలుగురు నవ్వుతరు బిడ్డా. నల్లగొండల మహబూబ్ మియా యాత్రల బస్సు నడుపుతడట. ఆయనతోని అయితెనే పో."

పొద్దున ఏడు గంటల బస్సెక్కి నల్లగొండలో దిగాం. బస్టాండు పక్కన రేకుల కొట్టులో మియా కూర్చునేవాడు. తెల్లటి గడ్డం, నోట్లో పాన్. సాగర్, యాదగిరిగుట్ట, నాలుగు రోజులు; తిండీ పడకా ఆయనవే, మనిషికి పద్దెనిమిది రూపాయలు. కొత్తగా పెళ్లయిందని మాత్రం చెప్పాను. మొక్కు తీర్చుకోవడానికి బయలుదేరామనుకున్నాడు.

"బేఫికరుండు బిడ్డా. బస్సుల ముందట ఆడోళ్లు, ఎన్క మొగోళ్లు. రాత్రి వాళ్లకొక గుడారం, మీకొక గుడారం. నీ ఇంటామెను ముసలమ్మలు నడుమ పండవెట్టుకుంటరు. చీమ గూడ దగ్గరికి రాదు."

ఎంతో గర్వంగా చెప్పాడు. వద్దంటే కారణం చెప్పాలి. ఆ కారణం నా నోటికి రాదు. డబ్బు తీయడానికి జేబులో చేయి పెట్టాను. అప్పుడు నా వెనక నిలబడ్డ అనసూయ కొంగు సర్దుకుని, "తాతా, ఆ చీమల లెక్కల ఈయన గూడ ఉన్నడా?" అంది.

మియా పాన్ నమలడం ఆపేశాడు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు. "అరె, గిదా సంగతి! జర ముందుగాల చెప్పొద్దా?"

"మా అమ్మ మీతోనే పొమ్మన్నది" అన్నాను.

"సర్కారు బస్సు నేను ఎక్కిస్త. మహబూబ్ మియానే బస్సెక్కిచ్చిండని మీ అమ్మతోని చెప్పు. అబద్ధమైతదా?"

అన్నట్టే తొమ్మిదిన్నర బస్సులో డ్రైవరు వెనక ఇద్దరు కూర్చునే సీటు చూపించి, "మా బిడ్డ, అల్లుడు. లేపకు" అని కండక్టరుకు చెప్పి దిగిపోయాడు. ఛార్జీ మనిషికి రెండు రూపాయల లోపే. ఎర్ర నేలలు, పల్లి చేలు, నడుమ నడుమ బండరాళ్ల గుట్టలు. హాలియా దాకా మా ఇద్దరి నోటా మాట లేదు. అక్కడ ఛాయ్ తాగుతూ ఆమే అంది:

"గింత దూరమొచ్చి గిట్ల మూగనోము పడితె, ఆ ముసలమ్మల గుడారమే నయముండె. వాళ్లన్న ముచ్చట వెడుదురు."

ఏం మాట్లాడాలో తోచక, "నీకేం కూర ఇష్టం?" అని అడిగాను.

"మూన్నెల్ల సంది వండి పెడుతున్న. ఇప్పుడడుగుతున్నవా?"

అంటూనే చింతచిగురు పప్పు అని చెప్పింది. బస్సు పెద్దవూర దాటేసరికి పుట్టింటి బావిలో ఈత నేర్చుకున్న సంగతిలో ఉంది.

సాగర్‌లో ఒక హోటల్ వెనక గది కిరాయికి దొరికింది, రోజుకు మూడు రూపాయలు. సాయంత్రం కట్ట దగ్గరికి వెళ్తే పాలమూరు కూలీలు రాళ్లు మోస్తున్నారు. తట్ట దించి నిలబడ్డ ఒకామె, "కొత్త జంటనా? ఎండల నిలవడి ఏం జూస్తరు, గా బండ నీడకు కూసోండ్రి" అంది. కూర్చున్నాం. నేను బడికి పోలేదనీ, మిల్లుకొచ్చే బస్తాల మీది అక్షరాలు చూసి చదువు నేర్చుకున్నాననీ అనసూయతో చెప్పాను. అంతసేపు ఎవరితోనూ మాట్లాడి ఎరగను.

అనసూయ పుల్ల ఒకటి ఏరి నా చేతిలో పెట్టింది. "నా పేరెట్లుంటదో రాయి."

ఏజెంట్లను తక్కువ చేయడం లేదు. మరుసటేడు అమ్మనూ బాపునూ మియా బస్సులోనే పంపాం. ఆయన వంటను అమ్మ చాలా కాలం పొగిడింది. తోడు కావలసినవాళ్లకు ఆయన తోడు దొరికింది. మాకు కావలసింది వేరు, అది ఆయన చెప్పిన ధరలో లేదు. ఒక్క సలహా చెబుతాను. ఏజెంటు దగ్గరికి భార్యాభర్తలిద్దరూ కలిసే వెళ్లండి. ఒకరి నోట రాని ప్రశ్న రెండోవారు అడుగుతారు.