పెరూ పాఠానికి పంచిన ప్రశ్నలు

ఉదయం తొమ్మిదింపావుకు ప్రార్థన గంట కొట్టారు. తెలంగాణ వచ్చిన రెండో ఏడు, జనవరి నెల. నేను రామన్నపేట దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుణ్ణి. ఆ రోజు మాత్రం నార్కట్‌పల్లి అవతల ఇంకో బడికి ప్యానెల్ తనిఖీకి వెళ్లాను. ప్యానెల్ అంటే సబ్జెక్టుకు ఒకరు చొప్పున బయటి బడుల నుంచి వచ్చే బృందం. తరగతి వెనక కూర్చుని పాఠం చూస్తాం, చివర పిల్లలను అడుగుతాం, నివేదిక రాస్తాం. సాంఘికశాస్త్రం నా వంతు.

ఎనిమిదో తరగతిలో జంగయ్య సార్ పెరూ దేశాన్ని పరిచయం చేస్తున్నారు. పటంలో దక్షిణ అమెరికా పడమటి తీరం చూపించారు. రాజధాని లిమా. గణతంత్ర దేశం, అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఐదేళ్లకు ఎన్నుకుంటారు. ఓటు తప్పనిసరి, వేయకపోతే జరిమానా. రాగి గనులు, చేపల వేట పెద్ద ఆదాయం. స్పానిష్‌తో పాటు కొండ జనం కెచువా మాట్లాడతారు. ఆండీస్ పర్వతాల మీద బంగాళాదుంప పండిస్తారు, లామాలను, అల్పాకాలను మేపుతారు. పాఠం బాగుంది. ప్రశ్న వేసిన ప్రతిసారీ అన్ని చేతులూ లేచాయి.

అన్ని చేతులూ ఎందుకు లేస్తాయో నాకు తెలుసు. మా బడుల్లో తనిఖీ ముందు రోజు ప్రశ్నలు పంచేవాళ్లం. ఒక్కో పిల్లకు ఒక్క ప్రశ్న. చెయ్యి అందరూ ఎత్తాలి. సార్ లేపేది ఆ ప్రశ్న దక్కినవాళ్లనే. మా బడిలోనూ అదే పద్ధతి.

అయినా నేను మూడో వరుసలో ఒకమ్మాయిని లేపి, పెరూ అధ్యక్షుణ్ణి ఎవరు ఎన్నుకుంటారని అడిగాను.

“గది స్వప్న ప్రశ్న సార్. నాది లామా.”

తరగతి గొల్లుమంది. “ఏ లామా, కూసో!” అన్నాడు వెనక నుంచి ఎవడో. నా పక్కన కూర్చున్న మా ప్యానెల్ పెద్ద కూడా ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వారు. జంగయ్య సార్ సుద్దముక్కతో బోర్డు వైపు తిరిగి, ఏమీ రాయకుండా నిలబడ్డారు. నాకు ఆయన ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

ఆ అమ్మాయి పేరు మహేశ్వరి, గొర్లు మేపే కొమురయ్య బిడ్డ. వారం తర్వాత జంగయ్య సార్ ఫోన్ చేశారు. పిల్ల ఆ మధ్యాహ్నం నుంచే బడికి రావడం లేదు, తీసుకురావడానికి వెళ్తున్నాను, మీరు కూడా రావాలి అన్నారు. వెళ్లాను.

ఊరి బయట బీడులో మంద ఉంది. “సార్ల పరువు తీసిన, ఇగ పోనంటాంది సార్,” అన్నాడు కొమురయ్య. “పోరగాండ్లు లామా అని పిలుస్తుండ్రంట. నాకు గూడ మందెంట మనిషి కావాలె. మాన్పిద్దామనుకుంటున్న.”

“నువ్వు నిజం చెప్పినవు బిడ్డా,” అన్నారు జంగయ్య సార్. “అబద్ధం మేం నేర్పినం.”

మహేశ్వరి తలెత్తలేదు. “మరి ఇంకోసారి నాకు ఏ ప్రశ్న ఇస్తరు సార్?”

“ఇయ్య. ఎవ్వలకూ ఇయ్య,” అన్నారు జంగయ్య సార్. సంగతి తెలిసే నిన్ను లేపానని నేనూ ఆమెకు చెప్పాను. ఆ మాట తండ్రి ముందు చెప్పడం కష్టమైంది.

కాసేపటికి కొమురయ్యే అడిగాడు: “ఇంతకు గా లామా అంటే ఏంది సార్?”

ఒంటె జాతి, మెడ పొడుగు, బరువులు మోస్తుంది. అల్పాకా ఉన్ని ఇంకా మెత్తన అని జంగయ్య సార్ చెప్పారు.

“గక్కడ గూడ గొంగళ్లు నేస్తరా?”

“నేస్తరు కొమురన్నా. నడుమల తల పట్టేంత సందు ఉంచి, మెడల నుంచి ఏసుకుంటరు.”

“నీ గొంగడికి గూడ సందు కోస్త బాపూ,” అంది మహేశ్వరి.

“కొయ్యి, రాత్రి కప్పుకునేది నువ్వేనాయె, చలికి సస్తవు,” అన్నాడు తండ్రి. తర్వాత మా వైపు తిరిగి, మంద సంగతి తాను చూసుకుంటానని, పిల్లను సోమవారం పంపుతానని అన్నాడు. పంపాడు. ఆ రోజు జంగయ్య సార్ తప్పు ఎవరిదో తరగతి ముందు చెప్పారు. ఆ పేరుతో పిలవడం ఆగింది. పెరూ పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పారు.

తనిఖీకి వెళ్లినవాడు తనకు ముందే తెలిసినదాన్ని పిల్ల నోటితో చెప్పించకూడదు. పక్కనున్న ఉపాధ్యాయుణ్ణి అడగాలి, అంతకు ముందు తన బడి చూసుకోవాలి. నేను నేర్చుకున్నది ఇంతే.

జంగయ్య సార్ పోయిన ఏడు చనిపోయారు. ఆ బడిలో, మా బడిలో, తనిఖీ ముందు రోజు ప్రశ్నలు పంచడం ఇప్పుడు లేదు.