సాయన్న మాస్టర్ చెక్కిన పన్నెండు బొమ్మలు

ఈ ఉదయం క్లాసులో ఒక అమ్మాయి అచ్చుబొమ్మలు చెక్కే లినో షీటు మెత్తబడాలని కిటికీ దగ్గర ఎండలో పెట్టింది. కాసేపటికి గదంతా అవిసె నూనె వాసన. మెక్సికో చిత్రకారుల గురించి చెబుతున్నదాన్ని మాట మధ్యలో ఆగిపోయాను. పాఠం మరిచిపోయాననుకున్నారు పిల్లలు. నిజానికి ఆ పాఠం నాకు నేర్పినాయన పేరు చెప్పకుండా ఇన్నేళ్లూ దాటేస్తూ వచ్చాను.

ఆయన పేరు సాయన్న. ఛత్తాబజార్‌లో నేను మొదట పనిచేసిన శుభలేఖల ప్రెస్సులో పెద్ద ఆర్టిస్టు. అందరూ మాస్టర్ అనేవాళ్లం. గౌలిపురలో పాలు అమ్ముకునే ఇంట్లో పుట్టి, కొట్టం గోడల మీద బొగ్గుతో బర్రెల బొమ్మలు గీసి తండ్రి చేత దెబ్బలు తిన్నాడట. నేను చేరేనాటికి ఆయనకు యాభై దాటాయి. పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చుని వినాయకుడి తొండం కుడికో ఎడమకో తిప్పడమే ఆయన ఉద్యోగం. మధ్యాహ్నం తిండి అయ్యాక మాత్రం డ్రాయరులోంచి అట్ట ఊడిన పుస్తకం ఒకటి తీసేవాడు. ఫుట్‌పాత్ మీద దొరికిందట. నిండా మెక్సికో బొమ్మలు. టోపీలు పెట్టుకున్న అస్థిపంజరాలు, సైకిళ్లు తొక్కేవి, పెళ్లిలో తాగి చిందులేసేవి.

"కింద ఇంగ్లీషుల ఏం రాసిన్రో జర చదువు బిడ్డా" అనేవాడు. నేను చదివి చెప్పేదాన్ని. ఆ బొమ్మలు గొప్పవాళ్ల గోడల కోసం వేసినవి కావని, పలచని రంగు కాగితాల మీద అచ్చేసి చదువురానివాళ్లకు బజారులో అమ్మారని, ఆ తర్వాతి తరం వాళ్లు ఒక వర్క్‌షాపులో కలిసి కూర్చుని కూలీల సంఘాలకు పోస్టర్లు చెక్కారని. అక్షరాలు నావి, చూపు ఆయనది. "గీత సన్నగుంటే బొమ్మ భయపడ్డట్టుంటది. గీ బొమ్మ జేసిన మనిషిని చూడు, ఉలితోని ఎట్ల కొట్టిండో! జమీందారైనా కూలోడైనా తోలు దీస్తే ఒక్కటేనని ఎంత ధైర్యంగ జెప్పిండు" అని వేలితో గీత వెంట నడిచి చూపించేవాడు.

ఆ ఏడాదే ఆయన లినో చెక్కడం మొదలుపెట్టాడు. నాకూ నేర్పాడు. మొత్తం పన్నెండు బొమ్మలు చెక్కాడు. లక్క గాజులు చేస్తూ పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్లు, పాల క్యాన్లు కట్టిన స్కూటర్, పెళ్లి బరాత్‌లో గుర్రమెక్కిన అస్థిపంజరం, దాని ముందు బ్యాండు వాయించే అస్థిపంజరాలు. అన్నీ మన గల్లీలే. ప్రెస్సు యజమానికి చూపిస్తే పడీపడీ నవ్వాడు. "క్యా సాయన్నా, పెండ్లి కార్డు మీద పీనుగలనేస్తవా? దుకాణ్ బంద్ జేయిస్తవా ఏంది?" మాస్టర్ కూడా నవ్వి, బొమ్మల్ని మళ్లీ పాత క్యాలెండర్‌లో చుట్టుకున్నాడు.

నాకు ఆ నవ్వు నచ్చలేదు. పాతబస్తీ మీద ఒక పుస్తకం వేస్తున్నారని విని, ఆయన్ను అడిగి ఆ బొమ్మలు తీసుకుని ప్రచురణకర్త దగ్గరికి వెళ్లాను. అక్కడి ఎడిటరు ఒక్కొక్కటే తిరగేసి, "మెక్సికో వాళ్ల బొమ్మలకు నకళ్లలా ఉన్నాయే" అంది. కావని నాకు తెలుసు. ఇదే అనుమానం నేనొకసారి వెలిబుచ్చితే, "పీనుగ బొక్కలకు దేశముంటదా బిడ్డా? వాళ్ల దగ్గర నేర్సుకున్నది ధైర్యం, బొమ్మ గాదు" అన్నాడు మాస్టర్. ఆ ఒక్క మాట అక్కడ చెప్తే సరిపోయేది. నేను నోరు తెరిచేలోపు ఆమె, "మీరూ వేస్తారట కదా? మీ పని చూపించండి" అంది. నా బ్యాగులో నా బొమ్మలూ ఉన్నాయి. తీసి చూపించాను.

పుస్తకం నా బొమ్మలతో వచ్చింది. వాటిలోనూ అవే గాజుల ఆడవాళ్లున్నారు, పాల స్కూటరుంది, బరాత్ ఉంది. మెక్సికో ముద్రణకళను పాతబస్తీ గల్లీల్లోకి తెచ్చిన తొలి చిత్రకారిణినని ఎవరో రాశారు. ఒక ప్రతి, ఆయన బొమ్మల చుట్ట పట్టుకుని, అప్పటికే నేను మానేసిన ప్రెస్సుకు వెళ్లాను. మాస్టర్ కళ్లద్దాలు తుడుచుకుని, మొదటి పేజీ నుంచి చివరిదాకా నిదానంగా చూశాడు.

"ఆడోళ్ల చేతులు మంచిగొచ్చినయి" అన్నాడు. తర్వాత అట్ట తిప్పి, "పేరు గూడ మంచిగ పడ్డది" అన్నాడు. చాయ్ తెప్పించాడు. తాగి వచ్చేశాను. మళ్లీ ఆయన్ను చూడలేదు. చూడ్డానికి ముఖం చెల్లలేదు.

ఆయన పోయిన సంగతి ఏడాది తర్వాత తెలిసింది. అప్పటికి కుటుంబం జల్‌పల్లికి మారింది. ఆయన బొమ్మలు ఎగ్జిబిషన్‌లో పెట్టిస్తానని వెతుక్కుంటూ వెళ్లాను. వాళ్ల ఆవిడ లక్ష్మమ్మ నన్ను ఒకప్పుడు సుజాతా అని పిలిచి జొన్నరొట్టె పెట్టిన మనిషి.

"కూసోండి మేడం" అంది.

ఆ పిలుపులోనే సగం జవాబు అందింది. అయినా బొమ్మలు అడిగాను.

"ఏడున్నయి? మీ బుక్కు చూసొచ్చిన వారంకే పొయ్యిల పెట్టిండు. చెక్కిన షీట్లు గూడ కాలవెట్టిండు. ఇల్లంత ఒకటే పొగ."

"నాతో ఒక్కమాట కూడా అనలేదమ్మా."

"మీతోని ఎందుకంటడు? బయట మంచిగనే ఉండె. ఏడ్చింది ఇంట్ల." ఆమె గొంతు పెంచలేదు. "మీరే ఒక్క మాట అనకపోతిరి, గాడ, పుస్తకమేసేటోళ్ల ముంగట."

నేను లేచి వచ్చేశాను. ఆమె గుమ్మం దాకా రాలేదు.

ఈ మధ్య ఆ పన్నెండింటినీ గుర్తు చేసుకుని మళ్లీ చెక్కాలని కూర్చుంటున్నాను, కింద ఆయన పేరు వేయాలని. మూడు అసలే గుర్తు రావడం లేదు. తొమ్మిది వచ్చాయి. కానీ అచ్చు తీసి చూస్తే ఆ గీతలు నావే. నున్నగా, ఒద్దికగా, ఎవరికీ కోపం తెప్పించకుండా. ఆ బొమ్మల కింద సాయన్న అని రాస్తే ఆయనకు రెండోసారి అన్యాయం చేసినట్టే. పేరు లేకుండానే బీరువాలో ఉన్నాయి.