మిషను కొనే ముందు పచ్చిక చుట్టూ నడవాలి

మొన్న ఆదివారం తిరుపతిలో మా అపార్ట్‌మెంటు సంఘం కూర్చుని, వెనకనున్న ఎకరం పైచిలుకు పచ్చికకు గడ్డి కోసే మిషను కొనాలని తీర్మానించినప్పుడు, కార్యదర్శి అయిన మా చిన్నల్లుడు ఫోనులో ఒక ఎర్రటి మిషను బొమ్మ చూపించి అందరిచేతా తలలూపించాడు. అది వారానికొకసారి చిన్న పెరడు కోసుకునేవాళ్ళకు చేసిన ఇంటి వాడకం మిషను, మనకు పూటంతా నడిచే కమర్షియల్ మిషనే కావాలన్నాను.

"గడ్డి కోసేదానికి కూడా ఇంత సదువు కావాల్నా మామా?" అన్నాడు అల్లుడు. అందరూ నవ్వారు. నేను తీర్మానాల పుస్తకంలో సంతకం పెట్టకుండా లేచి వచ్చేశాను.

ఈ నవ్వు నాకు కొత్త కాదు. పదో తరగతి తప్పి, చిత్తూరులో ఒక పెద్ద అతిథిగృహంలో తోటపనికి చేరినప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. ఆ పని ఇప్పించింది అక్కడ మేస్త్రీగా ఉన్న మా మేనమామ. మధ్యాహ్నం అందరూ నీడన కునుకు తీస్తుంటే నేను శాఖా గ్రంథాలయానికి పోయేవాణ్ణి. కథల పుస్తకాలన్నీ అయిపోయాక, నిఘంటువు పక్కన పెట్టుకుని, రోజుకు రెండు పేజీల చొప్పున ఇంగ్లీషులో ఉన్న ఇంజన్ల పుస్తకం పట్టాను. సరిగ్గా అప్పుడే మామ, చూడముచ్చటగా ఉందని, అక్కడి నాలుగెకరాల పచ్చికకు ఒక చిన్న మిషను తెప్పించాడు. ఇది పెరళ్ళకు చేసింది, అరగంటకోసారి చల్లారనివ్వాలి అని చెప్పాను. పుస్తకం దాకా ఎందుకు, పలమనేరు దగ్గర సేద్యం చేసే మా నాయన ఎద్దును కొనే ముందు చేను చుట్టూ ఒకసారి నడిచి వచ్చేవాడు; లేగదూడను ఏనాడూ కాడికి కట్టలేదు.

"రెండు పుస్తకాలు సదివి నాకే సెప్పేదానికొచ్చినావా? నోరు మూసుకోని తోయ్ రా," అన్నాడు మామ.

తోశాను. అది రోజూ పొగలు కక్కేది. ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని హడావుడి పడుతున్న రోజున, అది మళ్ళీ వేడెక్కి ఆగిపోతే, మామకు ఓపిక నశించి, దుక్కి నుంచి వచ్చిన ఎద్దు మీద పోసినట్టు, కాలిపోతున్న ఇంజను మీద బక్కెట్టెడు నీళ్ళు కుమ్మరించాడు. ఇంజను ఠప్పుమని పగిలింది.

మర్నాడు అతిథిగృహం అధికారి గదిలో, ఇది మావాడి అజాగ్రత్తే అని నన్ను చూపించి మామే చెప్పాడు. తప్పు ఒప్పుకుని రాసివ్వు, లేదా పని మానుకో అన్నాడు అధికారి. పని పోతే చిత్తూరూ పోతుంది, గ్రంథాలయమూ పోతుంది. అయినా కలం ముట్టలేదు. చంకలో ఉన్న ఇంజన్ల పుస్తకం ఆయన బల్లమీద తెరిచిపెట్టాను.

"నేను రాయను సార్. నాలుగెకరాలకు తేవాల్సిన మిషను ఇది కాదు. ఈడ రాసుండాది, సూడండి."

నీళ్ళ సంగతి మాత్రం ఎత్తలేదు. ఆయన చాలాసేపు చదివి, నా ముందున్న తెల్లకాగితం వెనక్కి తీసుకున్నాడు. కొన్నాళ్ళకు పెద్ద కమర్షియల్ మిషను వచ్చింది. నేను ఆ పని వదిలేదాకా అదే నడిచింది.

ఆ సాయంత్రం మామ నా పక్కన కూర్చుని, "నీళ్ళ మాట ఎందుకు సెప్పలేదురా?" అన్నాడు.

"అది పుస్తకంలో లేదు మామా."

ఆయన నవ్వలేదు. మర్నాటి నుంచి మాత్రం మధ్యాహ్నం కాగానే, "పొద్దయిపోతాండాది, పోరా నీ గ్రంథాలయానికి," అని తనే తరిమేవాడు.

ఇప్పుడు మామను నేను. ఆనాడు నేను నెలల తరబడి కూడబలుక్కుని చదివిందంతా అల్లుడి ఫోనులో నిమిషంలో దొరుకుతుంది. కానీ చూసేది మిషను రంగు. పచ్చిక అంచు వెంబడి ఒక్కసారి నడిచినవాళ్ళు సంఘంలో ఒక్కరూ లేరు. ఈ ఉదయం, మోకాళ్ళు వద్దంటున్నా, నేనే నడిచాను. ఈ చివర నుంచి ఆ చివరకు నూట ముప్పై అంగలు. వచ్చే ఆదివారం ఆ తీర్మానాల పుస్తకం మళ్ళీ నా ముందుకు వస్తుంది. నవ్వేవాళ్ళు నవ్వుకోనీ, నా పేరుకెదురుగా ఆ ఖాళీ అలాగే ఉంటుంది.