అభా కొండ మీద ఒక నీటి వంతు

అనంతపురం మనిషికి బావిలో నీళ్లు చూపిస్తే నెమ్మదిగా మాట్లాడడం చేతకాదు. ఆ లెక్కన వ్యవసాయ నీటి హక్కులకు విలువ కట్టే ఉద్యోగానికి నేను బొత్తిగా పనికిరాను. మా ఆఫీసులో మిగతావాళ్లంతా మొహాలు గంటు పెట్టుకుని విలువలు కడతారు. నన్ను సైటుకు వెళ్లమంటే ముందురోజు నుంచే కాలు నిలవదు.

పోయిన వానల తర్వాత ఈ అరబ్బు దేశంలోనే అభా ఊరి దగ్గర, కొండవాలున మెట్లుగా చెక్కిన ఒక పొలానికి పంపారు. అక్కడ ఒకే బావి మీద అక్కాతమ్ముళ్లిద్దరికీ హక్కు. వారంలో ఒకరోజు నీళ్లు అక్కకు, మిగతా రోజులు తమ్ముడికి అని తండ్రి వంతులు వేసి పోయాడు. ఆ ఒక్కరోజు నీళ్లతోనే ఆమె దానిమ్మ తోట పెంచింది. కొన్నేళ్ల కిందట వానల్లేక బావి అడుగంటినప్పుడు ఎవరో వచ్చి ఆమె వంతుకు నామమాత్రపు విలువ కట్టి వెళ్లారు. ఇప్పుడు చల్లదనానికి వచ్చే జనం కోసం గదులు కట్టాలని తమ్ముడి ఆశ. అక్క వంతు కొంటానంటున్నాడు, అదే పాత ధరకు. ఆమె మళ్లీ విలువ కట్టించమంది. బావి ఇంకా అలాగే ఎండి ఉందని తేలితే అమ్మేస్తానని, చెట్లు కొట్టించేస్తానని మాట కూడా ఇచ్చేసింది.

నీటి హక్కు పొలం గట్టులా ఒక చోట నిలిచి ఉండేది కాదు. నీళ్లు లోతుకు దిగితే విలువ కూడా దిగుతుంది. కొత్త బావికి అనుమతి దొరకని చోట ఉన్న బావి విలువ ఎక్కుతుంది. అందుకే కొన్నేళ్లకోసారి మళ్లీ చూడాలి. అన్నిటికంటే ముందు బావిలో ఊట ఉందో లేదో తేలాలి. మోటారుతో నీళ్లు తోడేసి, ఆపి, ఎంత త్వరగా ఊరతాయో చూడడమే మా పరీక్ష.

పొద్దున్నే తమ్ముడి ఎదుటే మోటారు వేశాం. నీళ్లు తగ్గుతూ పోయాయి. అక్క ఒక రాయి మీద కూర్చుంది. బావి వైపు చూడనే లేదు, తన చెట్లనే చూస్తూ ఉంది. అడుగు కనబడబోతుండగా మోటారు ఆపి కొలిచే టేపు దించాను. దాని కొస నీటికి తగిలితే పైన కూత పెడుతుంది. సగం లోతు కూడా పోకముందే కూసింది. పైకి లాగి, తుడిచి మళ్లీ దించాను. మళ్లీ అక్కడే కూసింది.

"టేపు ఖరాబైనట్టుంది సార్," అన్నాడు మా డ్రైవరు. జగిత్యాల మనిషి. ఏళ్ల తరబడి ఇక్కడే ఉన్నాడు. కారుతోపాటు నా అరబ్బీని కూడా ఆయనే నడుపుతాడు.

"ఖరాబు కాలేదన్నా. లోపలికి చూడాల. అద్దముంటే అడుగు రవ్వంత."

ఆయన అడిగీ అడగకముందే అక్క లేచి వెళ్లి, ఇంట్లో గోడకు వేలాడే అద్దాన్నే తీసుకొచ్చింది. మా ఊళ్లో బావిలో బిందె పడితే ఏం చేస్తామో అదే చేశాను. అద్దంతో ఎండను పట్టి లోపలికి కొట్టాను. వెలుగు రాళ్ల మీద జారుతూ పోయి ఒక చోట తళుక్కుమంది. రాతి నెర్రెలోంచి నీళ్లు కారుతున్నాయి. పక్కనే ఇంకో ధార. గోడంతా తడి, అందుకే టేపు కూసింది. నేను చూస్తుండగానే అడుగున బయటపడ్డ రాళ్లు మళ్లీ మునిగిపోయాయి.

"ఊట పడిందన్నా!" అని అరిచాను. విలువ కట్టేవాడు గంతులేయకూడదని తెలుసు. తెలిసే వేశాను.

"నాకు గూడ సూపియ్యుండ్రి సార్," అంటూ డ్రైవరు నా పక్కనే వంగాడు. "మస్తు వస్తున్నయ్ గదా."

అద్దం అక్క చేతికిచ్చాను. ఆమె అద్దాన్ని తిప్పితే వెలుగు బావంతా పాకింది. చాలాసేపు చూసి నవ్వింది. నాకైతే ఆ నవ్వు చూసి ఇంకో గంతు వేయాలనిపించింది.

నీళ్లు పొద్దుటి మట్టానికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. కొలిచినప్పుడల్లా నా గొంతు పెరుగుతూనే ఉంది. పాత విలువ ఇక చెల్లదనీ, అక్క వంతు ఎన్నో రెట్లు పలుకుతుందనీ తమ్ముడికి చెప్పించాను. అతను అక్కతో ఏదో అన్నాడు.

"కొత్త ధరకైనా కొంటా అంటుండు సార్," అన్నాడు డ్రైవరు. "మీరు ఎంతంటే గంత ఇస్తడట."

నా పని అక్కడితో అయిపోయింది. అయినా ఆమె ఏమంటుందోనని టేపు చుట్టడం ఆపేసి చూశాను. ఆమె ధర మాటే ఎత్తలేదు. అద్దం తమ్ముడి చేతిలో పెట్టి, పార అందుకుని, దానిమ్మ చెట్ల వైపు నడుస్తూ వెనక్కి తిరక్కుండా ఒక మాట అంది.

"ఏమంటాందన్నా?"

"ఇయ్యాల నీళ్ల వంతు ఆమెదేనట సార్. మోటారెయ్యమంటుంది."

తమ్ముడు అద్దాన్ని చంకలో పెట్టుకుని వెళ్లి స్విచ్ వేశాడు.