నర్సింలన్న గొంతును బ్లాక్ చేసిన అప్‌డేట్

నిన్న పొద్దున శంషాబాద్ సిగ్నల్ దగ్గర బస్సులో ఉండగా నర్సింలన్న తమ్ముడు యాదన్న ఫోన్ చేశాడు.

"చెల్లె, అన్న పోయిండు."

"ఏ అన్న?" అని అడిగాను. పిచ్చి ప్రశ్న. యాదన్నకు ఉన్నది ఒక్క అన్నే.

ఎక్కడ దిగానో, ఎలా వెనక్కి వచ్చానో తెలియదు.

నర్సింలన్న బుద్వేల్‌లో మా ఇంటి ఓనర్. పైన మేము కిరాయికి, కింద ఆయన, వెనక రేకుల షెడ్డులో ఆయన బర్రెలు. గుంటూరు నుంచి వచ్చిన మమ్మల్ని ఓ వారం "మీరు" అన్నాడేమో. ఆ తర్వాత నేను చెల్లెను అయిపోయాను.

రెండేళ్ల క్రితం గొంతు క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది.

టైప్ చేస్తే పైకి చదివే ఫ్రీ యాప్ ఒకటి ఎవరో ఫోన్‌లో వేసిచ్చారు. ఒకరోజు గేటు దగ్గర పాల కోసం నిలబడ్డవాళ్లకు "రేపు పాలు రావు" అని చెప్పబోయాడు. ఆ మాటకంటే ముందు ఫోన్ గట్టిగా పేకాట యాడ్ వినిపించింది.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

మెట్లెక్కి వచ్చి, నా ముందు కూర్చుని టైప్ చేసి చూపించాడు: "నా నోట్ల వాళ్ల మాట ఏంది చెల్లె?"

నేను యాప్‌లు రాసి బతికేదాన్ని. యాడ్స్ లేని, కోడ్ అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ యాప్ ఇట్టే దొరుకుతుందనుకున్నాను. నోట్స్ రాసుకోవడానికి ఉన్నాయి, పాటలకు ఉన్నాయి, వాతావరణానికి లెక్కలేనన్ని ఉన్నాయి. మాట పోయిన మనిషికి, తెలుగులో?

వెతికి వెతికి ఒళ్లు మండిపోయింది. కొన్ని ఇంగ్లిష్ దాటవు. కొన్నింటిని రాసినవాళ్లే ఎప్పుడో వదిలేశారు. తెలుగు చదివే ఓపెన్ సోర్స్ గొంతు లేదనను, నాకు ఒకటి దొరికింది. డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుంది. ఆ గొంతుతో పిలిస్తే బర్రె బెదిరిపోయి తాడు తెంపుకుంది.

చివరికి నేనే ఒకటి రాశాను. పెద్ద పెద్ద బటన్లు, ఒక్కోదానికి ఒక్కో మాట. గొంతు మాత్రం యాదన్నది. అన్నదమ్ములిద్దరి గొంతూ ఒకేలా ఉండేదని నర్సింలన్న భార్య చెప్పింది.

షెడ్డులోనే రికార్డింగ్. బటన్లలో తిట్లు కూడా ఉన్నాయి, యాదన్నకు ఒకటే సిగ్గు. తిట్టు మెత్తగా పలికినప్పుడల్లా నర్సింలన్న తల అడ్డంగా ఊపి మళ్లీ చెప్పించాడు.

తర్వాత హిమాయత్ సాగర్ వైపు బర్రెలను తోలుకెళ్తుంటే నేనూ వెళ్లాను. ఆయన బటన్ నొక్కాడు.

"హో... రావే లచ్చీ, రా!"

దూరంగా మేస్తున్న బర్రె తలెత్తింది. తాపీగా నడుచుకుంటూ ఆయన దగ్గరికే వచ్చింది. దాని మెడ మీద చెయ్యేసి ఆ పెద్దమనిషి ఏడ్చేశాడు.

పోయిన వారం ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్. దవాఖానలో చేర్చారు.

అక్కడ ఉండగానే ఫోన్ తనంతట తానే అప్‌డేట్ అయింది. నేను రాసిన యాప్ తెరవబోతే ఎర్రటి వార్నింగ్. ఇది ఎవరు చేశారో తెలియదు, ప్రమాదం, బ్లాక్ చేశాం అని.

చేతికి డ్రిప్. టైప్ చేయలేడు. సిస్టర్‌కు స్క్రీన్ చూపించాడు.

"ఫోన్ల వైరస్ వచ్చినట్టుంది బాపూ, జర పక్కన పెడ్దాం" అని ఆమె తీసి అరలో పెట్టేసింది. ఆమెను ఏమీ అనను. ఆమెకు కనిపించింది ఆ ఎర్ర రంగే.

సాయంత్రం నేను వెళ్లేదాకా మంచం కడ్డీని వేళ్లతో కొడుతూనే ఉన్నాడట.

ఎవరు చేశారో తెలియదా? నేను చేశాను! కోడ్ మొత్తం పబ్లిక్‌గా పెట్టాను, ఎవరైనా చదువుకోవచ్చు. పదిమందిలో ఆయన పరువు తీసిన పేకాట యాడ్ల యాప్ మాత్రం అదే ఫోన్‌లో దర్జాగా ఉంది. దాన్ని ఏ అప్‌డేటూ ఆపలేదు. అసలు ఆ ఫోన్ ఎవరిది? కొన్నది నర్సింలన్న కాదా? ఆయన నోరు మూయడానికి వీళ్లెవరు?

సెట్టింగ్స్ లోపల్లోపలికి వెళ్లి ఎలాగో యాప్ తెరిపించాను. చేతికివ్వగానే ఒకే బటన్ నొక్కాడు.

"ఇంటికి పోదాం."

మళ్లీ నొక్కాడు. "ఇంటికి పోదాం."

ఎదురుగా నిలబడ్డ యాదన్నకు తన గొంతే వినిపిస్తోంది. "పోదాం అన్నా, పోదాం తియ్" అంటూ కళ్లు తుడుచుకుని బయటికి వెళ్లిపోయాడు.

డాక్టర్లు ఒప్పుకోలేదు. ఇంటికి నిన్న తీసుకొచ్చాం.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్న నా ఫ్రెండ్స్, దండం ఎమోజీ పెట్టి స్క్రోల్ చేసేయకండి. ఫొటో ఫిల్టర్‌కు ఇంకో యాప్ రాసే తీరిక మనకుంది. మాట లేనివాళ్లకు మంచి తెలుగు గొంతు ఒకటి ఇచ్చే తీరిక మాత్రం లేదు. నాకు సిగ్గు కంటే కోపమే ఎక్కువగా ఉంది. తగ్గించుకోను కూడా.

నర్సింలన్నా, ఫోన్ అరలో ఉన్న ఆ రోజంతా ఏం చెప్పాలనుకున్నావో మాకెవరికీ తెలియకుండానే పోయింది.

వెళ్లిరా అన్నా. నొప్పి లేని చోట నెమ్మదిగా, హాయిగా ఉండు.